మోత ప్లేటు

ఈ విషయంలో నాకు కచ్చితంగా తెలిసినవి కొన్నే. ఒక ఫోటో ఉంది. అందులో ఒక స్టీలు ప్లేటు, ప్లేటులో సగానికి సాంబారన్నం, వెనక కుడితి తొట్టి అంచు కనిపిస్తాయి. ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి వైపు పోయే దారిలో ఉన్న ఒక ఊరి ఉన్నత పాఠశాలలో, మధ్యాహ్న భోజనం వేళ, దాన్ని తీశారు. తీసిన మనిషి అదే బడిలో చదివే ఒక అమ్మాయి తండ్రి, తల్లిదండ్రుల కమిటీలో సభ్యుడు. ఆ ఫోటో ఊరిలో సెల్‌ఫోన్లన్నీ తిరిగాక, వంట చేసే ఆమెను మాన్పించి పని వేరేవాళ్లకు అప్పగించాలా అన్నది తర్వాతి సమావేశంలో తేల్చాలని కమిటీ అనుకుంది. ఇంతవరకు సాక్ష్యం ఉన్న మాటలు.

మిగిలినదంతా విన్నమాట. పిల్లలు సగం అన్నం పారేస్తున్నారన్నది విన్నమాట. ఆమె వంట నోట పెట్టుకోలేకుండా ఉంటుందన్నది విన్నమాట. బడి బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారన్నది విన్నమాటే కాదు, తప్పు కూడా. పిండిలో ఇనుము, విటమిన్లు కలిపి బియ్యంలా ఒత్తిన ఆ తెల్లని గింజలను మా ఇంట్లో నానబెట్టి చూశాను, మంట మీద పెట్టి చూశాను. నానితే మెత్తబడ్డాయి, కాలితే బియ్యంలాగే మాడాయి, కరగలేదు. ఇక ఫోటో తీసినాయన తన బంధువులకు ఆ పని ఇప్పించుకోవడానికే ఇదంతా చేశాడన్నది నలుగురు చెప్పిన మాట. నలుగురిలో ఏ ఒక్కరూ దాన్ని స్వయంగా విన్నవాళ్లు కారు. దాన్ని నేను పరీక్షించలేదు. ఒక మనిషి మనసులో ఏముందో తూచే పరికరం నా దగ్గర లేదు.

నా దగ్గర ఉన్నది వంటింటి తక్కెడ, బ్యాటరీతో నడిచేది. నంద్యాలలో చాలాకాలం కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ బడి హెడ్మాస్టరు ఒకప్పుడు నా ప్రయోగశాలలో గాజు గొట్టాలు పగలగొట్టిన విద్యార్థి. ఆయనే ఫోన్ చేశాడు.

“మేడం, మీరొకసారి వచ్చి చూస్తారా? నేను చెప్తే ఆయమ్మను ఎనకేసుకొస్తాండాడంటారు.”

“నేను చెబితే మాత్రం నమ్ముతారా?”

“మీరు ఎవర్నీ నమ్మరని ఈడ శానామందికి తెలుసు మేడం. కమిటీలో ఇద్దురు మీ చేతిలో ప్రాక్టికల్ మార్కులు పోగొట్టుకున్నోళ్లే.”

అది పొగడ్తో కాదో తేల్చుకోకుండానే ఒప్పుకున్నాను.

నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కితే నా పక్క సీట్లో మంచి మాటకారి ఒకామె కూర్చుంది. ఒళ్లో పెట్టుకున్న తక్కెడ చూసి ఏం అమ్ముతావని అడిగింది. అమ్మడానికి కాదు, బడిలో పిల్లలు ఎంత తింటున్నారో చూడటానికి అన్నాను.

“దానికి తక్కెడ ఎందుకు మేడం? నేను చెప్తా. మా పిల్లోడు ఆ కూడు ముట్టడు.”

“మీరు చూశారా?”

“చూసేదేంది? సాయంత్రం ఇంటికొస్తానే ఆకలి ఆకలి అని గిన్నెలు ఎతుకుతాడు.”

“పొద్దున బడికి పోయేముందు వెతకడా?”

“ఎతుకుతాడు.”

“ఆదివారం, ఇంట్లో తిన్నాక?”

ఆమె నవ్వింది. “వాని కడుపుకు ఆదివారం, సోమవారం తెలీదులే మేడం.”

ఎదిగే పిల్లవాడికి సాయంత్రం ఆకలేయడం మధ్యాహ్నం తినలేదనడానికి రుజువు కాదు. అది వినగానే తేలికగా ఒప్పుకునే మాట. ఇంటి గడప దగ్గర నిలబడిన తల్లిదండ్రులకు మాత్రం అది అంత తేలిక కాదని తర్వాత తెలిసింది.

ఆళ్లగడ్డలో దిగి ఆటో ఎక్కాను. బడి చేరేసరికి వంటగది పొగగొట్టం నుంచి పొగ పలచబడుతోంది. వంటగది బడి కట్టడానికి వెనక, రేకుల కప్పు కింద ఉంది. దాని పక్కనే కుడితి తొట్టి. ఊరిలో గేదెలున్న ఒకాయన సాయంత్రం వచ్చి అందులోది తీసుకుపోతాడు. పిల్లలు తినేది ముందువైపు వరండాలో, చెట్ల నీడన. చేతులు కడిగే కుళాయిలు అటు ప్రహరీ దగ్గర. ఈ అమరిక నాకు మొదటి రోజు ముఖ్యమని తోచలేదు. అందుకే ఇక్కడే చెప్పి ఉంచుతున్నాను.

వంటామె నడివయసు మనిషి. మెడలో చిన్న సిలువ. నన్ను చూసి లేచి నిలబడలేదు, కూర్చోమనలేదు; డేక్షాలో గరిటె తిప్పుతూనే మాట్లాడింది.

“తూకమేసేకి వచ్చినారంట కదా. వెయ్యండి. నన్నెందుకు అడిగేది?”

“వండినది ఎంతో తెలియాలి కదమ్మా. అది మీరే చెప్పాలి.”

“అడిగినందుకు మేలు. ఫోటో తీసినాయన అదీ అడగల్యా.”

పని పోతుందని భయంగా ఉందా అని అడగడం నాకు చేతకాలేదు. ఆమే చెప్పింది.

“ఇది పోతే మిరపచేన్లకు పోతా. ఇంతకుముందు పోల్యానా? చేతులుండాయి. అది కాదు మేడం. ఆ తొట్టిలోకి వచ్చే ప్లేట్లు నాకు రోజూ కనపడతాయి. ఫోటో తీసేకి ముందునుంచీ చూస్తాండా. ఆయన అబద్ధం చెప్పల్యా. పిల్లోల్లు నా కూడు తినల్యా, అంతే.”

ఉప్పు మార్చిందట. కారం తగ్గించిందట. సాంబారు నాలుకకు తగలకూడదని నీళ్లు ఎక్కువ పోయడం మొదలుపెట్టిందట. తెల్లగింజలు చూసి పిల్లలు భయపడుతున్నారేమోనని బియ్యం చెరిగి వాటిని ఏరి పారేసిందట. ఏదీ పనిచేయలేదు. ప్లేట్లు తొట్టి దగ్గరికి అలాగే వచ్చాయి. “ఆదివారం గుడిలో పాట పాడతా ఉంటే గూడా ఆ ప్లేట్లే కండ్ల ముందర” అంది. గుడి అంటే ఆమె మాటలో చర్చి.

ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషే ఆరోపణను నమ్మడం నా అనుభవంలో అరుదు. అది కూడా సాక్ష్యం కాదని నాకు నేను గుర్తు చేసుకోవలసి వచ్చింది.

ఆ రోజు నేను తొట్టి పక్కన ఒక బల్ల మీద తక్కెడ పెట్టుకుని నిలబడ్డాను. వచ్చిన ప్లేట్లలో మధ్యమధ్య ఒకటి ఆపి తూచాను. ఏది ఆపాలో నా ఇష్టానికి వదలకుండా, ముందే అనుకున్న వరుస ప్రకారం ఆపాను. ఫలితం ఫోటోకు తగినట్టే ఉంది. ఒక ప్లేటులో మూడో వంతు, మరోదానిలో సగం, ఒక దానిలో అంచుదాకా. ఫోటో తీసిన కమిటీ సభ్యుడు కూడా వచ్చి నా వెనక నిలబడ్డాడు. సన్నని మనిషి, చాగలమర్రిలో టైర్ల పంక్చర్లు వేసే దుకాణం ఉంది. వేళ్ల గీతల్లో నలుపు పోదు.

“చెప్తిని కదా మేడం.”

“ఇంకా పూర్తి కాలేదప్పా.”

“పూర్తయ్యేదేముంది? కండ్లకు కనపడతానే ఉండాది.”

వంటగది కిటికీలో వంటామె ముఖం ఒకసారి కనిపించి పక్కకు తప్పుకుంది.

పిల్లలు వెళ్లిపోయాక మిగిలిన పని మొదలుపెట్టాను. నేను తూచిన ప్లేట్లలో సగటున ఇంత మిగిలితే, ఆ రోజు హాజరైన పిల్లలందరి ప్లేట్లలో ఎంత మిగిలి ఉండాలో లెక్క కట్టాను. ఆ లెక్క ప్రకారం తొట్టి నిండి, పొంగి, పక్కన మరో తొట్టి కూడా అవసరమై ఉండాలి. తొట్టి మాత్రం సగం కూడా నిండలేదు. అందులోనూ గంజి, కూరగాయల తొక్కలు, డేక్షాలు కడిగిన నీళ్లు ఉన్నాయి. జల్లెడ మీద వడగట్టి చూస్తే అన్నం మరీ తక్కువ.

రెండు కొలతలు ఒకదానితో ఒకటి పొసగలేదు. తొట్టి అబద్ధం చెప్పదు. అది పడినదంతా పట్టి ఉంచుతుంది. అయితే తప్పు ప్లేట్ల కొలతలోనే ఉండాలి. తక్కెడను తెలిసిన బరువులతో సరిచూశాను. బాగానే ఉంది. ఆయన “కండ్లకు కనపడతానే ఉండాది” అన్న మాట తిరుగు బస్సులో గుర్తొచ్చింది. కంటికి కనపడినదాని గురించి నాకు అనుమానం లేదు. కనపడనివి ఏ ప్లేట్లు, అవి ఎక్కడికి పోయాయి అన్నది ప్రశ్న.

రెండోసారి పోయినప్పుడు తక్కెడను హెడ్మాస్టరు గదిలో ఉంచి, వరండాలో పిల్లల మధ్య కూర్చున్నాను. టీచర్లు వడ్డన అయ్యేదాకా నిలబడి తర్వాత తమ క్యారియర్లు విప్పుకోవడానికి లోపలికి పోయారు. వంటామె, ఆమె తోడుగా పనిచేసే మనిషి డేక్షాలు తోమడానికి వెనక్కి పోయారు. అంటే పిల్లలు తినడం ముగించే సమయానికి ముందువైపు పెద్దవాళ్లెవరూ ఉండరు. రోజూ అంతేనట.

నా దగ్గర కూర్చున్నది ఎనిమిదో తరగతి ఆడపిల్లల గుంపు. గుండ్రంగా కూర్చుని ప్లేట్లను అంచులు తగిలేలా పెట్టుకున్నారు. ఎవరి ప్లేటు వాళ్లదే అనుకున్నాను. మొదటి ముద్ద దాకా అది నిజం. ఆ తర్వాత చేతులు అన్ని ప్లేట్ల మీదుగా తిరిగాయి. సాంబారులో ముక్కలు ఇష్టమైన పిల్ల అందరి ముక్కలూ ఏరుకుంది. ఒక పిల్ల తన గుడ్డు పక్కపిల్లకు ఇచ్చేసింది.

“నువ్వు గుడ్డు తినవా?” అని అడిగాను.

“సోమవారం తినం మేడం. మా అమ్మ కొడతాది.”

గుడ్డు అందుకున్న పిల్ల నోరు నిండుగా ఉండగానే అంది: “మాకు చర్చిలో సోమవారం లేదు మేడం. దేవుడు నాకు రెండు గుడ్లు రాసినాడు.”

“శుక్రవారం దాని చిక్కీ నాకే” అంది ఇచ్చిన పిల్ల, నేను ఆమెను దానకర్ణురాలిగా లెక్కేసుకోకుండా.

“మీరు తినరా మేడం?” అని ఇంకో పిల్ల అడిగింది. “తూకమేనా?”

“మేడం గూడా తింటే మోసేకి ఏం మిగలదని తినల్యా” అంది చిక్కీ పిల్ల. అందరూ నవ్వారు. నాకు అర్థం కాలేదు.

“ఏం మోయడం?”

“మోత మేడం. ఈరోజు దానిది.” వేలితో చూపించింది. ఆ చివర సన్నగా, మాట్లాడకుండా కూర్చున్న పిల్లది. జడలకు నీలం రిబ్బన్లు. ఆమె ముందున్న ప్లేటులోకి అప్పటికే కరివేపాకు, మునక్కాయ పిప్పి, గుడ్డు పెంకులు, ఎండుమిరపకాయలు చేరాయి. అందరూ తమ ప్లేట్లలో చివర మిగిలిన అన్నం కూడా అందులోకే తోశారు.

“ఏయ్, మిరపకాయలన్నీ దాని ప్లేట్లోకే ఏస్తాండావేందే?”

“మోత దానిదే కదా. నా మోత దినం నువ్వు పెంకులన్నీ నాకెయ్యల్యా?”

కుళాయిల్లో నీళ్లు వచ్చేవి రెండేనట. గంట కొట్టేలోపు అందరూ ఎవరి ప్లేటు వాళ్లు పట్టుకుని తొట్టి దాకా వెనక్కి పోయి, మళ్లీ ముందుకొచ్చి కుళాయి దగ్గర నిలబడితే ఆటకు సమయం మిగలదు. అందుకని ప్రతి గుంపూ పని పంచుకుంది. ఒకరు అందరి మిగులూ ఒకే ప్లేటులో వేసుకుని వెనక ఉన్న తొట్టికి మోస్తారు. ఇంకొకరు ఖాళీ ప్లేట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నేరుగా కుళాయికి పట్టుకుపోతారు. మిగతావాళ్లు ఆడుకోవడానికి పరుగెత్తుతారు. మర్నాడు వంతు మారుతుంది. ఎవరు మొదలుపెట్టారో వాళ్లకూ తెలియదు. తాము ఆరో తరగతిలో చేరినప్పుడే ఉందట.

నేను లేచి నిలబడి చూశాను. వరండా పొడవునా, చెట్ల కింద, గుంపు గుంపుకూ ఒక్కొక్కరు చొప్పున నిండు ప్లేటు పట్టుకుని కట్టడం వెనక్కి నడుస్తున్నారు. అదే సమయంలో ఎత్తైన ప్లేట్ల దొంతరలు అటుపక్క కుళాయిల వైపు పోతున్నాయి. దొంతరల్లో పైదాన్ని ఎత్తి కిందిది, కిందిది ఎత్తి ఇంకా కిందిది చూశాను. వేలితో తుడిచి నాకినట్టు ఉన్నాయి. తొట్టి దగ్గర ఎంతకాలం నిలబడినా ఈ ప్లేట్లలో ఒక్కటీ కనిపించదు. వంటగది కిటికీలోంచీ కనిపించదు.

నా మొదటి రోజు నమూనా ఎంత జాగ్రత్తగా ఎంచినా, తప్పు కుప్పలోంచి ఎంచింది. ఆయన ఫోటో కూడా అంతే.

వంటామెకు ఆ రోజే చెప్పాను. ఆమె నమ్మలేదు. అది నాకు నచ్చింది.

“నా మనసుకు బాగుండాలని చెప్తాండారు.”

“నేను అలా చెప్పే మనిషిని కాదు. అడగండి హెడ్మాస్టరును.”

“రేపు చూస్తా” అని చేతులు తుడుచుకుంది. మర్నాడు డేక్షాలు తోమకుండా కొంగు నెత్తిన వేసుకుని కుళాయిల దగ్గర నిలబడిందట. ఒక పిల్ల చేతిలోంచి దొంతర లాక్కుని ప్లేట్లు తిప్పి తిప్పి చూసిందట. పిల్లలు భయపడిపోయి, “మేం ఏం చేయల్యా ఆంటీ” అన్నారట. ఇది హెడ్మాస్టరు చెప్పిన మాట. ఆ రోజు నేను అక్కడ లేను.

అయితే పిల్లలు అంతా తినేస్తున్నారని నేను తేల్చేశానని ఎవరూ అనుకోకూడదు. తర్వాత కొన్నిసార్లు పోయి, ప్లేటును కాక గుంపును తూచాను. వడ్డించిన దాన్ని గుంపుగా ముందు, మోత ప్లేటును తర్వాత. తినలేనివి వేరు చేశాను. మునక్కాయ పిప్పి తినలేదని పిల్లల మీద నేరం మోపలేం. పప్పన్నం రోజు మిగిలేది పిచ్చుకకు పెట్టేంత. మారు వడ్డించమని గరిటె వెంట పడేవారు. గుడ్డు తెల్లసొన ఎక్కడా మిగలలేదు, పచ్చసొన కొన్నిచోట్ల మిగిలింది. సాంబారు రోజు మాత్రం అన్నం నిజంగానే మిగిలింది. సగం కాదు, కానీ కొట్టిపారేసేంత తక్కువా కాదు. ఎందుకని అడిగితే చిక్కీ పిల్ల చెప్పింది:

“సాంబారు దినం అన్నం ఈతకొడతాది మేడం. పట్టుకునేకి కాదు.”

నీళ్లు ఎక్కువ పోయడం వంటామె ఎప్పుడు, ఎందుకు మొదలుపెట్టిందో నాకు అప్పటికే తెలుసు. తొట్టి దగ్గర ప్లేట్లు చూసి, పిల్లలకు కారం తగులుతోందనుకుని ఆమె సాంబారు పలచన చేసింది. పలచనైనందువల్ల పిల్లలు మిగిల్చారు. లేని లోపాన్ని దిద్దబోయి ఉన్న లోపం తెచ్చుకోవడమిది. అందులో ఆమె తెలివితక్కువతనం ఏమీ లేదు. ఆమెకు కనిపించిన సాక్ష్యంతో నేనైనా అదే చేసేదాన్ని. గట్టిగా, పప్పు ఎక్కువేసి, మునుపటిలాగే చేసి చూడమన్నాను. తెల్లగింజలు కూడా ఏరవద్దన్నాను. వాటిలోనే బలం ఉందని విని ఆమె నుదురు కొట్టుకుంది.

“ఎన్ని ఏరి కోళ్లకేసినా మేడం!”

“మీ కోళ్లు బలంగా ఉన్నాయా?”

“ఉండాయి” అంది, మొదటిసారి నవ్వుతూ. “శానా బలంగా ఉండాయి.”

కోళ్ల విషయంలో ఇది ఒక్కరి పరిశీలన; పోల్చడానికి వేరే కోళ్లు లేవు. దాన్ని నేను ఎక్కడా వాడుకోలేదు.

కమిటీ సమావేశం మధ్యాహ్నం తర్వాత పెట్టుకున్నారు. దాన్ని భోజనం వేళకు జరపమని హెడ్మాస్టరును అడిగాను. ఆ రోజు సాంబారన్నమే. గట్టి సాంబారు. వంటామె వడ్డన అయిపోగానే వంటగదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

ఫోటో తీసినాయన సెల్‌ఫోన్ చేత్తో పట్టుకుని అలవాటుగా వెనక్కి, తొట్టి వైపు నడుస్తున్నాడు.

“ఈరోజు ఈ పక్క నిలబడతావాప్పా?” అని కుళాయిలు చూపించాను.

“ఆడేముండాది?”

“నాకు తెలుసు. నేను చెబితే విన్నమాట అవుతుంది. నువ్వే చూడు.”

కమిటీలో మిగతావాళ్లు కూడా వచ్చారు. గుంపులు లేచాయి. నిండు ప్లేట్లు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. దొంతరలు మా వైపు వచ్చాయి. ఆయన ఒక దొంతర ఆపి, ప్లేట్లు ఒక్కొక్కటే విడదీసి చూశాడు. ఇంకో దొంతర ఆపాడు. దొంతర మోస్తున్న పిల్ల విసుక్కుంది: “బేగా చూడన్నా, గంట కొడతారు.”

ఆయన పక్కకు జరిగాడు.

“అయితే నా ఫోటో అబద్ధమా?”

“కాదు. ఆ ప్లేటు నిజం, అందులో అన్నం నిజం. అది ఒక పిల్లది కాదు, ఒక గుంపుది. అంతే తేడా.”

“నాకేం తెలుసు మేడం? ఎవురన్నా చెప్పల్ల కదా.”

“ఎవరికీ తెలియదు. వంటామెకే తెలియదు.”

కమిటీ నిర్ణయం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఎవరూ తీర్మానం చదవలేదు. ఆ కుళాయిల దగ్గరే, నీళ్లు చిమ్ముతుంటే కాళ్లు వెనక్కి జరుపుకుంటూ, ఆమెనే ఉండనిద్దామన్నారు. నా చేతిలో మార్కులు పోగొట్టుకున్న ఒక సభ్యుడు కుళాయిలు బాగు చేయించాలని కూడా అన్నాడు. బాగు చేస్తే ఈ మోత పద్ధతి పోతుందేమో అని నేను అనుకున్నాను కానీ అనలేదు. తలుపు కొట్టి వంటామెకు చెప్పింది ఆయనే, ఫోటో తీసినాయన. నేను కాస్త దూరంలో ఉన్నాను.

“అమ్మా, నీ పని నీకే. తప్పుగా అనుకోవద్దు.”

లోపల గరిటె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత తలుపు తెరుచుకుంది.

“ఫోటో తియ్యేటప్పుడు తలుపు కొట్టల్యా. ఇప్పుడు కొడతాండావు.” మాట సూటిగానే ఉంది. “సాంబారు మిగిలింది. తినిపో.”

ఆయన తిన్నాడు. నాకూ పెట్టింది. సాంబారు బాగుంది, ఇది ఒక్క మనిషి నాలుక చెప్పినమాట, ఇంతకు మించి దానికి విలువ లేదు.

తింటూ ఉండగా ఆయన నా పక్కకు జరిగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

“మేడం, పిల్లోల్లు తింటాండారు, సరే. మా పాప ఎంత తింటాంది?”

“మీ పాప ఎవరు?”

చూపించాడు. జడలకు నీలం రిబ్బన్లు. ఎనిమిదో తరగతి గుంపులో చివర కూర్చునే సన్నని పిల్ల.

“ఇంటికొస్తానే నీరసంగా పడుకుంటాది. యాడ తినిందో, ఏం తినిందో చెప్పదు. దాని చేతిలో నిండు ప్లేటు తొట్టికి పోతాంటే చూస్తి. అందుకే ఫోటో తీస్తి. ఈ వంట పనితో నాకేం పని మేడం? టైర్లు చేసుకునేటోన్ని.”

బంధువుల కోసమే ఇదంతా అన్న విన్నమాటకు ఈ సంగతి సమాధానం అవుతుందో కాదో పాఠకులు తేల్చుకోవచ్చు. నా వరకు, నేను ఆయన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. పిల్లను ఒకసారి రక్త పరీక్షకు తీసుకుపొమ్మన్నాను. తీసుకుపోయాడు. రక్తం కాస్త తక్కువగా ఉందన్నారు, మాత్రలిచ్చారు. ఆ పిల్ల ఎంత తింటోందన్నదానికి అది జవాబు కాదు.

ఆ గుంపు ఎంత తింటుందో నాకు బాగా తెలుసు. ఆ గుంపులో ఆ ఒక్క పిల్ల ఎంత తింటుందో తెలియదు. చేతులు అన్ని ప్లేట్ల మీదుగా తిరుగుతాయి. గుడ్లు, ముక్కలు, చిక్కీలు చేతులు మారతాయి. కళ్లతో చూసి ముద్దలు లెక్కించబోయాను. నేను చూస్తున్నానని తెలియగానే ఆ పిల్ల చేయి ఆగిపోయింది. వేరుగా కూర్చోబెట్టి, ఆమె ప్లేటు ఆమెకే ఇచ్చి తూచడం కష్టం కాదు. కానీ అప్పుడు నేను తూచేది ఒంటరిగా కూర్చున్న పిల్ల తిండి. స్నేహితుల మధ్య కూర్చున్న పిల్ల తిండి కాదు. తూచడానికి గుంపును విడదీయాలి, విడదీస్తే తూచవలసిందే ఉండదు.

మొన్న ఆళ్లగడ్డ మీదుగా పోతూ బడిలో దిగాను. కుళాయిలు ఇంకా బాగుచేయలేదు. సాంబారు గట్టిగానే ఉంది. ఆ రోజు ఆ గుంపులో మోత ఎవరిదో గానీ ప్లేటు దాదాపు ఖాళీగా పోయింది. నీలం రిబ్బన్ల పిల్ల పక్కపిల్ల ప్లేటులోంచి ముద్ద తీసుకోవడం చూశాను. తిట్టు తినడమూ విన్నాను. “నీది నువ్వు తినుకోల్యావా?” అని ఆ పిల్ల అంటే, ఈమె నవ్వుతూ ఇంకో ముద్ద తీసుకుంది. ఒక్కసారి చూసినది, దాని మీద నేనేమీ నిలబెట్టలేను.

బయటికి వస్తుంటే ఆయన దుకాణం నుంచి ఫోన్ చేశాడు. వెనక గాలి కొట్టే మోటారు చప్పుడు.

“ఏమన్నా తెలిసిందా మేడం?”

“లేదప్పా. అది నాకు ఇంకా తెలియదు.”